అడవి సోయాలో అన్ని మంచి జన్యువులుంటే, అవి మన చేలోకి ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో మొక్కల ప్రజననం (బ్రీడింగ్) చదువుతున్నారు. నిర్మల్ దగ్గర మీ నాన్నగారు సోయా వేస్తారు, పోయిన వానాకాలం పల్లాకు తెగులు వచ్చి సగం చేను పసుపు రంగుకు తిరిగిపోయింది. అడవి సోయాకు పల్లాకును తట్టుకునే గుణం, ఎక్కువ ప్రొటీన్, చౌడును ఓర్చుకునే శక్తి ఉన్నాయని చదివారు. దాన్ని జేఎస్ 335 అనే సాగు రకంతో క్రాస్ చేసి థీసిస్ రాస్తే ఎలా ఉంటుంది, ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు చేయలేదు అని అడుగుతున్నారు.

చేశారండీ, చాలామందే చేశారు. నేనూ చేశాను, చేతులు కాల్చుకున్నాను. జన్యువు దొరకడం లేదన్నది అసలు సమస్యే కాదు. కోరుకున్న ఒక్క జన్యువు కోసం అడవి మొక్కను ఇంట్లోకి పిలిస్తే దాని చుట్టాలందరూ వెంట దిగుతారు. వాళ్లను ఒక్కొక్కరినీ సాగనంపేసరికి పదేళ్లు గడిచిపోతాయి. అందుకే అడవి సోయా దగ్గరికి వెళ్లే ముందు, ఆ గుణం సాగు రకాల్లోనే ఎక్కడైనా ఉందా అని వెతకడం మంచిది.

ముందు ఆ మొక్క గురించి. సాగు సోయా శాస్త్రీయ నామం గ్లైసిన్ మాక్స్, దాని పూర్వీకుడు గ్లైసిన్ సోజా. రెండింటికీ 40 క్రోమోజోములే, క్రాస్ చేస్తే చక్కగా కలుస్తాయి. గ్లైసిన్ సోజా చైనా, కొరియా, జపాన్, రష్యా తూర్పు కొసల్లో కాలువ గట్ల మీద, పొదల్లో దానంతట అదే పెరిగే ఏకవార్షిక తీగ. మన దేశంలో సహజంగా ఎక్కడా లేదు. మొదటిసారి చూసినప్పుడు ఇది సోయా అంటే నేను నమ్మలేదు. సన్నటి తీగ, పక్క మొక్కను చుట్టేసుకుంటుంది. గింజ ఉలవ కన్నా చిన్నది, నల్లగా, పైన మట్టి పూసినట్టు ఉంటుంది. అది మట్టి కాదు, కాయ లోపలి పొర గింజకు అంటుకుని అలా కనిపిస్తుంది. వంద గింజలు కలిపి ఒకటి నుంచి మూడు గ్రాములు తూగితే ఎక్కువ. మన రకాల్లో వంద గింజలు 10 నుంచి 15 గ్రాములు తూగుతాయి.

ఆ మట్టి పొర వెనక ఒక సంగతి ఉంది. 2018లో చైనా శాస్త్రవేత్తలు ఆ పొరకు కారణమైన జన్యువును పట్టుకున్నారు. అది మారి గింజ నున్నగా మెరవడం మొదలైనప్పుడే నూనె శాతం కూడా పెరిగిందని తేలింది. అంటే వేల ఏళ్ల కిందటి రైతు నున్నటి గింజ బాగుందని ఏరుకుంటే, తెలియకుండానే నూనె కూడా వెంట వచ్చింది. అడవి మొక్క నుంచి గుణాలు తెచ్చుకునేటప్పుడు ఇదే వ్యవహారం తిరగబడుతుంది. మీరు ఒకటి కోరుకుంటే దానితో ముడిపడ్డ ఇంకొకటి కూడా వచ్చి కూర్చుంటుంది.

అయినా దాని మీద ఇంత మోజు ఎందుకంటే, సాగులోకి వచ్చే దారిలో సోయా చాలా పోగొట్టుకుంది. 2006లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అడవి మొక్క నుంచి ఆసియా నాటు రకాలు తయారయ్యేసరికి డీఎన్‌ఏ వైవిధ్యంలో సగం పోయింది, అరుదైన జన్యు రూపాల్లో 81 శాతం మాయమయ్యాయి. ఆపైన అమెరికా రకాలదింకో కథ. అక్కడి పాత వంశవృక్షాలన్నీ తవ్వి లెక్కేస్తే, ఉత్తర అమెరికా రకాల జన్యువుల్లో 95 శాతం కేవలం 35 పూర్వీకుల నుంచి వచ్చినవేనని తేలింది. మన దేశంలో 1960లలో జబల్‌పూర్, పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సాయంతో పని మొదలైనప్పుడు చేతికొచ్చినవి కూడా బ్రాగ్, లీ లాంటి అమెరికా రకాలే. అంటే ఆ ఇరుకు సందులోంచే మనమూ వచ్చాం.

జన్యువుల జాబితాకేమీ కొదవ లేదు. విలియమ్స్ 82 అనే అమెరికా రకం జన్యు పటం 2010లో వచ్చింది, అందులో సుమారు 46 వేల జన్యువులను గుర్తించారు. అదే ఏడాది హాంకాంగ్ బృందం 17 అడవి, 14 సాగు మొక్కల డీఎన్‌ఏ చదివింది. 2020కల్లా చైనాలో దాదాపు 2,900 మొక్కలు చదివేశారు. ఇవాళ కంప్యూటర్ ముందు కూర్చుని ఏ జన్యువు ఎక్కడుందో వెతుక్కోవచ్చు. అది చేలో దిగుబడిగా మారాలంటే మాత్రం పాత పద్ధతిలోనే, ఒక్కో పంటకాలం ఆగాలి.

చౌడు సంగతి చూడండి. 2014లో ఆ హాంకాంగ్ బృందమే డబ్ల్యూ05 అనే అడవి మొక్కలో ఉప్పును తట్టుకునే జన్యువును పట్టుకుంది. వాళ్లు పోల్చి చూసిన సాగు రకంలో అదే జన్యువు మధ్యలో ఒక ఎగిరే డీఎన్‌ఏ ముక్క దూరి దాన్ని పాడు చేసింది. పేపర్ చదివితే ఎవరికైనా అడవి మొక్క మీద ప్రేమ పుడుతుంది. కానీ లీ అనే పాత సాగు రకం ఉప్పును తట్టుకుంటుందని 1960లలోనే తెలుసు. మంచి జన్యువు సాగు రకాలన్నిట్లోనూ పోలేదు, కొన్నిట్లోనే పోయింది. మరి నల్ల గింజ తీగ వెంట పడటం దేనికి?

మీరడిగిన పల్లాకుదీ ఇదే కథ. 1970లలో పంత్‌నగర్‌లో బి.బి. సింగ్ బృందం వేల కొద్దీ రకాలను పొలంలో పరీక్షించింది. పల్లాకును గట్టిగా తట్టుకున్నవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. అందులో ఒకటి ఫార్మోసా అడవి సోయా, ఇంకొకటి యూపీఎస్‌ఎం 534 అనే సాగు సోయా. తర్వాత ప్రజననకారులు ఎక్కువగా వాడుకున్నది ఆ రెండోదాన్నే, పీకే 416 లాంటి పంత్‌నగర్ రకాలు దాని వారసత్వమే. అడవి సోయాలోని నిరోధకత ఒక్క బలమైన జన్యువుతో నడుస్తుందని, ఆ గుణం బయటి గుణమేనని తర్వాత తేలింది. బయటి గుణమంటే ఒక్క కాపీ ఉన్నా కనిపించేది. అంటే బ్యాక్‌క్రాస్ చేయడానికి, అదే సంకర మొక్కను మళ్లీ మళ్లీ సాగు రకంతోనే క్రాస్ చేయడానికి, అంతకన్నా అనువైనది ఉండదు. అయినా నల్ల గింజ తీగతో కుస్తీ పట్టడం కన్నా సాగు మొక్కతో పని తేలికని వాళ్లనుకున్నారు. ఆ రోజుల్లో నేనున్నా అదే చేసేవాణ్ని.

ఇక్కడ మీకో జాగ్రత్త చెప్పాలి. పల్లాకు ఒక్క వైరస్ కాదు. ఉత్తర, మధ్య భారతంలో ఎక్కువగా ఒక వైరస్, మన వైపు, మహారాష్ట్ర, తమిళనాడుల్లో దాని దగ్గరి చుట్టం ఇంకొకటి కనిపిస్తాయి. రెండింటినీ మోసేది తెల్లదోమే, ఆకు మీద లక్షణాలూ ఒకేలా ఉంటాయి. పంత్‌నగర్‌లో తెగులు లేకుండా నిలబడ్డ మొక్క నిర్మల్‌లో నిలబడాలని లేదు. ఏ జన్యువు కోసం వెళ్లాలో తేల్చుకునే ముందు, మీ చేలో ఉన్నది ఏ వైరస్సో పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో చూడండి. ఈ ఒక్క పని చేయకుండా రెండేళ్లు పోగొట్టుకున్న విద్యార్థుల్ని చూశాను.

అడవి మొక్క తప్ప గతి లేనప్పుడు ఏమవుతుందో ప్రొటీన్ విషయంలో తెలుస్తుంది. మామూలు సోయాలో ప్రొటీన్ 40 శాతం, నూనె 20 శాతం. అడవి సోయాలో ప్రొటీన్ 45 నుంచి 50 శాతం, నూనె సుమారు 10. 1992లో బ్రయన్ డియర్స్, ఇతరులు ఒక అడవి మొక్క నుంచి 20వ క్రోమోజోము మీదున్న ప్రొటీన్ పెంచే భాగాన్ని గుర్తించారు. అది ఎంత బలమైనదంటే ముప్పై ఏళ్లపాటు ఎవరు ఎక్కడ వెతికినా అదే బయటపడింది. అసలు జన్యువు ఏదో 2022లో గానీ తేలలేదు. సాగు సోయాలో ఆ జన్యువులోకి మూడు వందల డీఎన్‌ఏ అక్షరాల చిన్న ముక్క ఒకటి దూరింది, అడవి రూపంలో ఆ ముక్క లేదు. మరి ముప్పై ఏళ్లలో ఆ జన్యువు పొలాలన్నిట్లోకీ ఎందుకు పాకలేదు? ప్రొటీన్ పెరిగితే నూనె తగ్గుతుంది, చాలాసార్లు దిగుబడీ తగ్గుతుంది. రైతుకు డబ్బు వచ్చేది క్వింటాళ్ల లెక్కన. ప్రొటీన్ శాతానికి మన మార్కెట్ యార్డులో ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు. దీనికి జన్యుశాస్త్రం ఏం చేయగలదు?

దిగుబడి పెంచే జన్యువు కూడా అడవి సోయాలో దొరికిందంటే చాలామంది నవ్వుతారు. నిజంగానే దొరికింది. 2003లో మోన్‌శాంటో శాస్త్రవేత్తలు దక్షిణ చైనాకు చెందిన పీఐ 407305 అనే అడవి మొక్కలోని ఒక భాగం దిగుబడిని 8, 9 శాతం పెంచిందని ప్రచురించారు. అయితే దాన్ని ఆరు మంచి రకాల్లోకి ఎక్కిస్తే రెండిట్లోనే పనిచేసింది. ఇది నాకు చాలా ఇష్టమైన ఫలితం, ఎందుకంటే దాచకుండా రాశారు. జన్యువుకు కూడా కాపురం కుదరాలి, అన్ని ఇళ్లలోనూ ఒకేలా మెలగదు.

ఇక చుట్టాల లెక్క చూద్దాం. క్లాసులో చెప్పింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక బ్యాక్‌క్రాస్‌కు సాగు రకం వాటా 75 శాతం, రెండోదానికి 87.5, మూడోదానికి 93.75. పుస్తకంలో ఇది చూసి, మూడుసార్లు చేస్తే అయిపోయింది కదా అనుకుంటాం. ఈ లెక్క మొత్తం జన్యురాశి సగటుకు మాత్రమే. మీరు పట్టుబట్టి నిలుపుకుంటున్న జన్యువుకు అటూ ఇటూ ఉన్న ముక్క అంత త్వరగా తెగదు. క్రోమోజోము మీద దూరాన్ని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. వంద సెంటీమోర్గాన్ల క్రోమోజోము మధ్యలో మీ జన్యువు ఉందనుకోండి, ఆరు బ్యాక్‌క్రాస్‌ల తర్వాత కూడా సగటున 30 సెంటీమోర్గాన్ల పైచిలుకు అడవి ముక్క మిగిలే ఉంటుంది. దాదాపు మూడో వంతు క్రోమోజోము! అందులో ఏముందో ఎవరికి తెలుసు. కాయ పగిలే గుణం ఉండొచ్చు, తీగ సాగే గుణం ఉండొచ్చు, గింజ నానని గుణం ఉండొచ్చు. అందుకే జన్యువుకు రెండు వైపులా దగ్గర్లో మార్కర్లు, అంటే ఆ చోటును పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తులు, పెట్టుకుని, ప్రతి తరంలో వందల మొక్కల్లోంచి సరిగ్గా అక్కడ తెగినదాన్ని ఏరాలి. అలా చేస్తే రెండు మూడు తరాల్లో పని అవుతుంది. మార్కర్లు లేని రోజుల్లో ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎందుకు విసిగిపోయారో ఇప్పుడు అర్థమవుతుంది.

నా సొంత అనుభవం కూడా చెప్తాను. అడవి సోయాతో చేసిన క్రాస్‌లో నేను మొదటిసారి వేసిన రెండో తరం చేను, అంటే ఎఫ్2, నాలుగు వందల మొక్కలు. అన్నీ ఒకదాన్నొకటి అల్లుకుపోయి చేపల వలలా తయారయ్యాయి, ఏ కొమ్మ ఏ మొక్కదో తెలియలేదు. కర్రలు పాతమని మా పెద్దాయన ముందే చెప్పాడు, నేను వినలేదు. కాయలు ఎండేదాకా ఆగుదామనుకుని ఒక మధ్యాహ్నం చేలోకి వెళ్తే టప్ టప్‌మని పేలుతున్నాయి. సాయంత్రానికి సగం గింజ నేల మీదే. తర్వాతి రెండేళ్లు ఆ మడిలో ఏది వేసినా మధ్యలో నల్ల గింజ తీగలు మొలుస్తూనే ఉన్నాయి. గింజ సైజు కూడా నిరాశపరిచింది. పన్నెండు గ్రాముల రకానికీ ఒకటిన్నర గ్రాముల తీగకూ మధ్య సగటు ఏడు దగ్గర వస్తుందనుకున్నాను, నాలుగు దగ్గర వచ్చింది. గింజ బరువు కూడికతో కాదు, గుణకారంతో నడుస్తుంది. పన్నెండునూ ఒకటిన్నరనూ గుణించి వర్గమూలం తీయండి, సరిగ్గా అక్కడికే వస్తుంది. ఆ నాలుగు వందల్లో సాగు రకం సైజు గింజ ఒక్క మొక్కకూ లేదు.

ఏకవార్షికంతోనే ఇన్ని తిప్పలంటే, ఆస్ట్రేలియాలో పెరిగే బహువార్షిక చుట్టాల సంగతి చెప్పనక్కర్లేదు. అవి ఇరవైకి పైగా జాతులు, తుప్పు తెగులు లాంటి వాటికి మంచి నిరోధకత ఉన్నవి. వాటితో క్రాస్ చేస్తే కాయ పడుతుంది, కొన్ని వారాల్లో లోపలి పిండం చచ్చిపోతుంది. మన దేశం నుంచి ఇల్లినాయ్ వెళ్లి స్థిరపడ్డ రామ్ జె. సింగ్ దీని వెంట దశాబ్దాలు పడ్డారు. 78 క్రోమోజోములున్న గ్లైసిన్ టోమెంటెల్లాను డ్వైట్ అనే సాగు రకం మీద క్రాస్ చేసి, కాయ రాలకముందే పచ్చి పిండాన్ని బయటికి తీసి గాజు నాళికల్లో పెంచారు. వచ్చిన మొక్కకు 59 క్రోమోజోములు, గొడ్డు మొక్క. క్రోమోజోములను రెట్టింపు చేసే కోల్చిసిన్ అనే మందుతో 118కి తెచ్చారు. మళ్లీ మళ్లీ డ్వైట్‌తో బ్యాక్‌క్రాస్ చేసి 79 మీదుగా చివరికి 40కి దింపారు. ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా పట్టే పని ఇది. ఎమ్మెస్సీ వాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

ఇంత చెప్పి అడవి మొక్క వద్దంటున్నానని అనుకోకండి. కావాలి, కానీ ఆ పని రెండు మెట్లుగా జరగాలి. మన వేరుశనగలో జీపీబీడీ 4 రకం వినే ఉంటారు, తుప్పు తెగులును తట్టుకుంటుంది. ఆ గుణం అరాకిస్ కార్డినాసీ అనే అడవి వేరుశనగది. అయినా ఆ రకాన్ని తయారుచేసిన ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు నేరుగా అడవి మొక్కను క్రాస్ చేయలేదు. అప్పటికే ఇక్రిశాట్‌లో ఆ అడవి జన్యువులు ఎక్కించి, గడ్డిలా పాకే గుణాలు చాలావరకు వదిలించిన ఐసీజీవీ 86855 అనే లైన్ ఉంది. దాన్ని తమ రకంతో క్రాస్ చేశారు. ముందు ఎవరో ముళ్లు ఏరి పెట్టారు, తర్వాతివాళ్లు వంట చేసుకున్నారు. సోయాకు మన దేశంలో ఈ ముళ్లు ఏరే పని ఇంకా చాలా మిగిలే ఉంది. దీనికి రెండేళ్ల ప్రాజెక్టులు సరిపోవు, అదే దాని దురదృష్టం. మూడేళ్లలో రకం కావాలని అడిగే పద్ధతిలో ఎవరూ పన్నెండేళ్ల పనికి పూనుకోరు.

అందుకని మీ థీసిస్‌కు నా సలహా. కొత్తగా అడవి క్రాస్ మొదలుపెట్టకండి. మీకు దొరికేవి రెండు ఖరీఫ్‌లు, ఎఫ్1, అంటే మొదటి తరం విత్తనం, చేసుకునేసరికే ఒకటి అయిపోతుంది. ఇండోర్‌లోని జాతీయ సోయాబీన్ పరిశోధన సంస్థకో, పంత్‌నగర్‌కో మీ గైడ్ ద్వారా రాసి, అడవి సోయా రక్తం ఉండి, తరతరానికీ గుణం మారని స్థిరమైన లైన్లు ఏమున్నాయో అడగండి. వాటితోపాటు పాత, కొత్త సాగు రకాలు కలిపి యాభై అరవై తీసుకుని, పల్లాకు ప్రతి ఏటా వచ్చే చోట వేయండి. ప్రతి కొన్ని వరుసలకొకటి జేఎస్ 335 లాంటి తేలిగ్గా సోకే రకం వేసి తెల్లదోమకు మందు కొట్టకుండా వదిలేయండి. ఏ వైరస్సో పీసీఆర్‌తో తేల్చండి. రెండేళ్లలో ఇది పూర్తవుతుంది, ఫలితం మీ నాన్నగారి చేనుకే పనికొస్తుంది. జేఎస్ 335 వచ్చింది 1994లో, దానికి పల్లాకు ఎక్కువని తెలిసిందే. ఈలోపు ఆయన్ని రకం మార్చమని చెప్పండి. ఆదిలాబాద్ పరిశోధనా స్థానం వాళ్లను అడిగితే ఈ ప్రాంతానికి ఏది సరిపోతుందో చెప్తారు. ఏ రకమైనా విత్తే ముందు ఇంట్లో వంద గింజలు గోనెసంచిలో మొలకెత్తించి చూసుకోవాలి. డెబ్బైకి తగ్గితే ఆ విత్తనం వద్దు.

అయినా ఒక్క క్రాస్ అయినా చేసి చూడాలని మనసు లాగితే, ఆపను. అడవి విత్తనం ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ) ద్వారానే అడగాలి, దాని ప్రాంతీయ కేంద్రం రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఉత్తర చైనావో, రష్యావో అడగకండి. మన పగటి నిడివికి అవి నెల తిరక్కముందే పూత పట్టి గిడసబారిపోతాయి. దక్షిణ ప్రాంతాలవి అడిగి, వారం పది రోజుల తేడాతో మూడు నాలుగు దఫాలుగా వేస్తే ఏదో ఒక దఫా పూత మీ రకంతో కలుస్తుంది. గింజను అలాగే వేస్తే మొలవదు. నేను రెండు వారాలు ఖాళీ కుండీలకు నీళ్లు పోసి అందరి చేతా నవ్వించుకున్నాను. గింజ కన్ను ఉన్న వైపు వదిలి అవతలి వైపు బ్లేడుతో పైతోలు చిన్న గాటు పెట్టండి, రెండు రోజుల్లో నాని ఉబ్బుతుంది. సాగు రకాన్నే తల్లిగా పెట్టుకోండి. పువ్వు పెద్దది, చేతికి అనువు. రేపు విచ్చుకునే మొగ్గను ఈ సాయంత్రమే సన్నటి పట్టకారుతో తెరిచి పది కేసరాలూ తీసేయాలి. విచ్చుకునేదాకా ఆగితే అప్పటికే దాని పుప్పొడి దాని మీదే పడిపోయి ఉంటుంది. పది పూలు చేస్తే రెండు మూడు నిలిచినా సంతోషించండి. తల్లికి తెల్ల పూల రకం ఎంచుకోండి, జేఎస్ 335 వద్దు, దాని పూలు ఊదారంగువి. అడవి సోయా పూలు సాధారణంగా ఊదానే, ఆ రంగే బయటి గుణం. తెల్ల పూల తల్లి గింజ మొలిచి ఊదా పువ్వు పూసిందంటే క్రాస్ నిజమే. తెల్లగా పూస్తే అది మీ చేతిలోంచి తప్పించుకున్న సొంత పుప్పొడి, పీకేయండి. మిగిలిన మొక్కలకు కర్రలు పాతి, కాయ పసుపు రంగుకు తిరగగానే దోమతెర గుడ్డ సంచులు తొడగండి, ఎండేదాకా ఆగొద్దు.